రెండు హెచ్‌పీ ఏరియేటర్, ఆరు పంటల వాడకం తర్వాత

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు రొయ్యల చెరువు నీటిని చిలికి ఆక్సిజన్ కలిపే ఒకే మోడల్ ఏరియేటర్‌ని ఒక రైతు బంగారం అంటాడు, పక్క చెరువాయన పంటకో మోటార్ కాలిందంటాడు. నాలుగేసి చక్రాలుండే సెట్లు ఆరు పంటలు నడిపాక మా మాట: సరుకు మంచిదే, నడిపే తీరులోనే తేడా అంతా. మొదట్లో రాత్రిపూట ఏడెనిమిది గంటలు నడిపేవాళ్లం, చివరి నెలలో రోజుకు ఇరవై గంటలు. రోజుకు సగటు 12 వేసుకున్నా నాలుగు నెలల పంటకు 1,400 గంటలు దాటుతుంది.

అన్నిటికంటే ఎక్కువ దెబ్బ రెక్కల మునకతోనే. 8–10 సెంటీమీటర్లు మునిగితే చాలు. సెట్‌ని నీటిపై తేల్చే ఫ్లోట్లకు నాచూ గవ్వలూ పట్టి సెట్ కుంగిందంటే మోటార్ లాగే కరెంటు పెరుగుతుంది. వైరుకి తగిలిస్తే కరెంటు ఎంతో చూపే క్లాంప్ మీటర్ మూడు ఫేజులకీ పెట్టి చూడండి. మోటార్ ప్లేటు మీద 3.5 ఆంపియర్లుండి మీటర్ 4 చూపిస్తే ముందు ఫ్లోట్లు గీకించండి. చాలామంది అది చేయరు, ఊరికే ట్రిప్ అవుతోందని, కరెంటు ఎక్కువైతే మోటార్‌ని ఆపే రిలేని 5 ఆంపియర్లకి తిప్పేస్తారు. మోటార్లు కాలేది అక్కడే. రాత్రి ఒక ఫేజు పోతే తిరుగుతున్న మోటార్ ఆగదు, మిగతా రెండిటి మీద సుమారు 1.7 రెట్లు కరెంటు లాగుతూ తిరుగుతుంది. 3.5కి పెట్టిన రిలే కాసేపట్లో ఆపేస్తుంది, 5కి పెట్టింది చాలాసేపు ఊరుకుంటుంది, ఈలోగా మోటార్ లోపలి తీగచుట్ట (వైండింగ్) మాడుతుంది. రిలే కొట్టేస్తే గట్టు మీద కుర్రాడికి తెలిసేలా హారన్ పెట్టడం తప్పనిసరి. తెల్లవారుజామున ఆక్సిజన్ అట్టడుగుకి పడిపోయే వేళ చక్రం ఆగితే రొయ్య పైకి తేలుతుంది.

జనరేటర్ మీదికి మార్చినప్పుడు సెట్లన్నీ ఒకేసారి వేయకండి, ఒకటి వేగం అందుకున్నాకే రెండోది. చక్రాలు వెనక్కి తిరిగితే రెండు ఫేజు వైర్లు అటూఇటూ మార్చాలి.

కొత్త గేర్‌బాక్స్ నూనె మొదటి నెలకే మార్చాలి, అరుగుడు పొడి అందులోనే ఉంటుంది. ఆ తర్వాత పంటకోసారి. నూనె మజ్జిగలా తెల్లగా వస్తే ఆయిల్ సీల్ పోయి నీళ్లు దిగినట్టు. సీల్ వదిలేసి నూనె ఒక్కటే మారిస్తే తర్వాత బేరింగులు పోతాయి.

మొగల్తూరు, నరసాపురం వైపు ఉప్పు చెరువులకు చక్రాలు తిప్పే షాఫ్టు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలుదే అడగండి. 304 రకానికి షాఫ్టులు కలిసే కప్లింగుల దగ్గర గుంటలు పడతాయి. పట్టుబడి (రొయ్యలు పట్టడం) అయ్యాక మంచినీళ్లతో కడిగి నీడన పెట్టాలి, ఎండలో పడేస్తే ప్లాస్టిక్ రెక్కలు పెళుసెక్కుతాయి.

వానకని మోటార్‌కి గోనె చుట్టే అలవాటు మానాలి. ఫ్యాన్ గాలి ఆగి లోపల ఉడికిపోతుంది. కంపెనీ ఇచ్చిన కవర్ సరిపోతుంది.