పొలం గట్ల మీద పసిపిల్లల ఫొటోలు: సోనీ 85 మి.మీ. ఎఫ్/1.8 లెన్స్

ఆరుబయట ఆడుకుంటున్న మూడు, నాలుగేళ్ల పిల్లలను ఫొటో తీసేవారికి ముందుగా కావలసింది తగినంత దూరం. కెమెరా దగ్గరకు రాగానే ఆట ఆపేసి బిగుసుకుపోయే పిల్లలే, మనం నాలుగడుగులు వెనక్కి తగ్గితే మన సంగతి మరచిపోయి మళ్లీ మట్టిలో మునిగిపోతారు. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉండే) కెమెరాల కోసం సోనీ 2017లో తెచ్చిన ఎఫ్ఈ 85 మి.మీ. ఎఫ్/1.8 లెన్స్ ఈ పనికి చక్కగా సరిపోతుంది. అయితే అందరూ పొగిడే ఆ మసక నేపథ్యం కంటే, ఈ లెన్స్ మనల్ని నిలబెట్టే చోటే నాకు ముఖ్యంగా తోస్తుంది.

మీటరు ఎత్తున్న పిల్లవాణ్ణి తలనుంచి పాదాల దాకా, చుట్టూ కొంచెం ఖాళీతో, నిలువు ఫ్రేములో పట్టాలంటే దాదాపు మూడు మీటర్ల దూరం కావాలి. అంత దూరంలో వాడి ఆటకు మనం అడ్డురాము, మామూలు గొంతుతో పిలిస్తే వాడికి వినిపిస్తుంది కూడా. లెన్స్ బరువు 371 గ్రాములే కాబట్టి మాటిమాటికీ మోకాళ్ల మీద కూర్చోవడం, గడ్డిలో బోర్లా పడుకుని వాడి కంటి ఎత్తుకు దిగడం భారమనిపించదు.

ఎఫ్/1.8 ఉంది కదా అని ఎప్పుడూ దానినే వాడటం మాత్రం తెలివైన పని కాదు. అపర్చర్ అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ పక్కనున్న సంఖ్య ఎంత చిన్నదైతే అది అంత పెద్దది. రెండు మీటర్ల దూరంలో ఎఫ్/1.8 అపర్చర్ దగ్గర స్పష్టంగా పడే లోతు సుమారు ఆరు సెంటీమీటర్లే. పిల్లవాడు తల కాస్త తిప్పితే ఒక కన్ను పదునుగా, రెండోది మెత్తగా పడుతుంది. పొలాల్లో నేపథ్యం ఎలాగూ ఎంతో దూరంలో ఉంటుంది కాబట్టి ఎఫ్/2.8 లేదా ఎఫ్/4 దగ్గర కూడా అది కావలసినంత కరిగిపోతుంది. పైగా నిండు ఎండలో ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) 100 దగ్గర ఎఫ్/1.8 పెడితే షట్టర్ వేగం సుమారు 1/8000 సెకను కావాలి, అన్ని కెమెరాల మెకానికల్ షట్టర్లూ అంత వేగాన్ని అందుకోలేవు. పొద్దు వాలిన తరువాత, వెలుగు తగ్గినా పిల్లల పరుగు తగ్గని వేళలో, షట్టర్ వేగం 1/500 సెకను కంటే కిందికి దిగకుండా తీయగలగడమే ఈ పెద్ద అపర్చర్ వల్ల కలిగే అసలు లాభం. లెన్స్‌లో స్టెబిలైజేషన్ లేకపోవడాన్ని అందుకే నేను పెద్ద లోటుగా చూడను, ఎందుకంటే అది మన చేతి వణుకును ఆపుతుందేమో గాని పిల్లవాడి కాలును ఆపదు.

లెన్స్ పక్కనున్న ఫోకస్ హోల్డ్ బటన్‌కు, కెమెరాలో వీలుంటే, కంటిని పట్టే ఆటోఫోకస్‌ను కేటాయించుకోవచ్చు. జొన్న ఆకులో, గడ్డి పరకలో ముఖానికి అడ్డం వచ్చినప్పుడు ఇది బాగా అక్కరకొస్తుంది.

అసలు ఇబ్బంది దగ్గరి ఫోకస్ విషయంలో వస్తుంది. ఈ లెన్స్ 0.8 మీటరు కంటే దగ్గరున్న దానిని పట్టలేదు. దొరికిన నత్తను చూపించడానికి పిల్లవాడు అరచేయి చాచి మీదికి పరుగెత్తుకొస్తే మనమే వెనక్కి జరగాలి. జరిగినా ఫ్రేములోకి కనీసం 27 సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది గనుక ఆ అరచేయి మధ్యలో చిన్నగా మిగిలిపోతుంది. అటువంటి ఫొటోలే ఎక్కువగా కోరుకునేవారు 35 మి.మీ. లెన్స్‌ను కూడా వెంట ఉంచుకోవడం మంచిది.

ఏపీఎస్-సీ (ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్ ఉండే) కెమెరా ఉన్నవారికి నేను దీనిని సూచించను. అందులో ఇది దాదాపు 127 మి.మీ. లెన్స్‌లా పనిచేసి మనల్ని మరీ దూరానికి నెట్టేస్తుంది కాబట్టి, వారికి 50 మి.మీ. చాలు.