డాంగ్ ఫువాంగ్‌కి వెళ్లాలా, లీస్‌కా?

వియత్నాం శాండ్‌విచ్ బన్ మీకి ప్రాణం బ్రెడ్డే. పైన పల్చగా కరకరలాడాలి, లోపల దూదిలా ఉండాలి, అప్పుడే ఊరేసిన క్యారెట్, ముల్లంగి, కొత్తిమీర, పచ్చిమిర్చి, మాంసం అన్నీ కలిసి రుచి తెలుస్తుంది. అందుకే నా ఓటు న్యూ ఆర్లియన్స్‌లోని డాంగ్ ఫువాంగ్‌కే. వియత్నాం నుంచి వచ్చిన ట్రాన్ దంపతులు 1982లో పెట్టిన బేకరీ ఇది, ఊళ్లో వేరే రెస్టారెంట్లు కూడా వీళ్ల దగ్గరే బ్రెడ్డు కొంటాయి, 2018లో అమెరికాలో హోటళ్లకీ, వంటవాళ్లకీ ఇచ్చే జేమ్స్ బియర్డ్ అవార్డు కూడా వచ్చింది.

కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో లీస్ శాండ్‌విచెస్‌ని మొదలుపెట్టిందీ వలస కుటుంబమే. ఫుడ్ ట్రక్కులతో మొదలై చాలా బ్రాంచీలు పెట్టారు, కాబట్టి దొరకడం తేలిక, కండెన్స్‌డ్ మిల్క్ వేసిన ఐస్ కాఫీ కూడా ఉంటుంది. శాకాహారులు ఎక్కడికెళ్లినా టోఫూ ఉందా అని అడగండి, పాటే (బ్రెడ్డుకి రాసే మాంసం ముద్ద), ఫిష్ సాస్ వద్దని ముందే చెప్పండి.