వంజంగి చలికి సర్దుకున్న సంచి

డిసెంబరులో వైజాగ్‌లో చలి అంటే రాత్రి ఫ్యాను ఒక పాయింటు తగ్గించుకోవడమే. ఆ లెక్కతోనే సంచి సర్దుకున్నాను. పాడేరు దగ్గర వంజంగి కొండ కింద ఒక రాత్రి గుడారంలో ఉందామని బావమరిది అన్నప్పుడు నా కళ్ల ముందు అడవే మెదిలింది కానీ చలి ఊసే తట్టలేదు. అందుకని ముందుగా కత్తి కొన్నాను. వెనక రంపపు పళ్లు, పిడిలో దిక్సూచి ఉన్న కత్తి. ధర పన్నెండు వందలు. రెండు రోజుల్లో దానితో కోసినవి నాలుగు జామకాయలు.

ఆ కత్తిని ఒక పెద్ద షాపింగ్ మాల్‌లోని దుకాణంలో అంటగట్టారు. అక్కడ కొన్నవాటిలో డబ్బుకు తగ్గది తలకు కట్టుకునే టార్చిలైటు ఒక్కటే. ఎక్కేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండాలంటే అది తప్పదు. మిగతావాటికి పూర్ణా మార్కెట్టే మేలు. టార్పాలిన్ నాలుగు వందలకు, నైలాన్ తాడు గజాల లెక్కన, మందపాటి ప్లాస్టిక్ కవర్లు తూకానికి దొరికాయి. సంచి మీద వానకు తొడుగు ఉన్నా సరే, లోపల ఒక కవరు వేసి బట్టలు అందులో పెట్టి మూతి కట్టాలి. మంచుకు సంచి అడుగు తడిసినా మా మేజోళ్లు పొడిగా ఉన్నాయంటే ఆ కవరు పుణ్యమే.

ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి చోడవరం, మాడుగుల మీదుగా పాడేరుకు బస్సు. ఘాట్ మలుపుల్లో బావమరిది నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చున్నాడు. కారు అద్దె కంటే ఇదే నయమని నా అభిప్రాయం, అతనిది కాదు.

గుడారాలు అద్దెకిచ్చేవారు ఫోనులో ‘అన్నీ ఉంటాయి సార్’ అన్నారు. వెళ్లి చూస్తే ఒక గుడారం, రెండు పలుచని దుప్పట్లు. కింద పరుచుకోవడానికి ఏమీ లేదు. అలాంటి మాట విన్నప్పుడు పరుపు ఉందా, ఎన్ని దుప్పట్లు, మరుగుదొడ్డి ఎంత దూరం, తాగునీరు ఎక్కడిది అని విడివిడిగా అడగాలి. మేము అడగలేదు.

వెయ్యి మీటర్లు ఎత్తుకు వెళితే ఆరేడు డిగ్రీల వేడి తగ్గుతుంది. మబ్బు లేని రాత్రి ఆ లోయలో ఇంకా తగ్గుతుంది. సాయంత్రం కొండ ఎక్కి దిగిన చెమటకు నా కాటన్ బనియను తడిసి ఉంది. బద్ధకించి దానితోనే పడుకున్నాను. అర్ధరాత్రికి పళ్లు టకటకలాడాయి. మా ఊపిరి ఆవిరే గుడారం లోపలి గుడ్డకు నీటి బొట్లుగా పట్టి, కదిలినప్పుడల్లా ముఖం మీద రాలుతోంది. గాలి ఆడడానికి జిప్పు కాస్త తీసి ఉంచాలని అప్పుడు తెలియదు.

బయట నెగడు దగ్గర ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. తెల్లవారుజామున మాకు దారి చూపడానికి వచ్చిన గిరిజన రైతు. మా అవస్థ చూసి, “పైన ఎన్ని కప్పుకుంటే ఏం బాబూ, కింద నేల వేడినంతా లాగేస్తుంది” అని ఒక మోపు ఎండుగడ్డి తెచ్చి పరిచారు. దాని మీద టార్పాలిన్ వేశాము. నేను తడి బనియను విప్పి ఉన్ని స్వెట్టరు, పొడి మేజోళ్లు తొడుక్కున్నాను. పావుగంటలో వణుకు తగ్గింది. అసలు నేను మోసుకెళ్లవలసింది చుట్టి కట్టుకునే నురుగు (ఫోమ్) చాప. బరువు అరకిలో కూడా ఉండదు.

నాలుగింటికి బయలుదేరితే పొగమంచు. తలమీది లైటు వేస్తే ఎదురుగా తెల్లటి గోడ. పెద్దాయన చెప్పినట్టు లైటు విప్పి నడుము దగ్గర పట్టుకుంటే కాలిబాట కనబడింది. వెనకబడ్డ బావమరిది ఈల మూడుసార్లు ఊదాడు. ఆపదకు మూడు ఈలలన్నది అందరికీ తెలిసిన గుర్తు, అరిస్తే గొంతు పోతుంది కానీ ఈలకు అలుపుండదు. అతనికి ఆపద ఏమీ లేదు, చెప్పు తెగింది. కొండకు చెప్పులతో రావడం గురించి ఇక్కడ రాయను, ఇంట్లో గొడవ.

ఫోను సిగ్నలు వెతుక్కుంటూనే బ్యాటరీ తాగేస్తుంది. దాన్ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి దుప్పటిలో వెచ్చగా ఉంచుకున్నాను. నీళ్లు మనిషికి రెండు లీటర్లు మోసుకెళ్లాము. వాగు నీరు తాగవలసి వస్తే మరిగించడమే మంచిది, క్లోరిన్ బిళ్లలు రెండో దారి. మన్యంలో మలేరియా ఉంది కాబట్టి నిండు చేతుల చొక్కా, దోమల మందు చలికాలంలోనూ మానకూడదు. తెల్లవారుజామున కొండ మీంచి కనిపించే మేఘాల సముద్రం గురించి నేను చెప్పేదేముంది, ఫొటోలు అందరూ చూసినవే. ఇరవై నిమిషాలు నిలిచింది.

రెండో రాత్రి పాడేరులో లాడ్జిలో దిగాము. గది ఇరుకు, గోడల మీద చెమ్మ, కానీ బకెట్టు వేడినీళ్లు అడగకుండానే ఇచ్చారు. పిల్లలతో వచ్చేవారు ఇక్కడే పడుకుని మూడింటికి ఆటోలో వెళ్లడం మంచిది, దూరం ఆరేడు కిలోమీటర్లే. గుడారం కావాలనుకునేవారు చాప తెచ్చుకోండి.

దిగి వచ్చే ముందు పెద్దాయనకు కత్తి ఇవ్వబోయాను. తిప్పి చూసి నవ్వి తిరిగి ఇచ్చేశారు. టార్పాలిన్ మాత్రం చోళ్లు (రాగులు) ఆరబెట్టుకోవడానికి పనికొస్తుందని అడిగి తీసుకున్నారు.