దాక్కోవడం: 2014 నియమమా, 2024 నియమమా?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే, పాత్రలు ధరించి పాచికలతో ఆడే ఆటలో, పోరాటంలో దాక్కునే పాత్ర పాచిక వేసి తెచ్చుకున్న మొత్తం 2014 నియమపుస్తకం ప్రకారం శత్రువు గమనింపు అంకెను దాటాలి; 2024 నియమపుస్తకం ప్రకారం 15 అనే స్థిరమైన అంకెను అందుకోవాలి.

శ్రమ: పాతదానిలో ఆట నడిపేవారు ప్రతి శత్రువు అంకెనూ విడిగా సరిచూడాలి, కొత్తదానిలో ఒక్క పాచికతో తేలిపోతుంది.

రిస్కు: గమనింపు 9 మాత్రమే ఉన్న గోబ్లిన్ అనే చిన్న రాక్షసుడి ఎదుట మొత్తం 12 తెచ్చుకున్న దొంగ పాత నియమంలో గట్టెక్కుతాడు, కొత్తదానిలో దాక్కోలేకపోతాడు, మందమతి గోబ్లిన్‌కు ఇంత మర్యాద ఎందుకో నాకు అర్థం కాదు.

చోటు: శత్రువు చూపు తగలకుండా, చీకటి వంటి దట్టమైన మరుగో, కనీసం ముప్పావు వంతు చాటో ఉండాలని కొత్తది నిర్దిష్టంగా చెబుతుంది, పాతది విచక్షణకు వదిలేస్తుంది.

పదిమంది శత్రువులున్న పోరుకు 2024 నియమం నయం. ఒకే కాపలాదారును దాటే చొరబాటుకు 2014దే సరి.