హనుమకొండలో ల్యాప్‌టాప్ బ్యాటరీ మార్పిస్తున్నారా? ముందు ఇది చదవండి

హనుమకొండ, కాజీపేట, వరంగల్ వైపు ల్యాప్‌టాప్ బ్యాటరీ మార్పించుకోబోతున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మా చెల్లెలు ఉబ్బిన బ్యాటరీ ఉన్న ల్యాప్‌టాప్‌ను పది రోజులు ఒళ్లో పెట్టుకొని పని చేసింది. తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ.

తను ఎంసీఏ చివరి సెమిస్టర్. ప్రాజెక్టు రివ్యూ దగ్గర పడే సమయానికి పాత బ్యాటరీ అరగంట కూడా ఆగడం లేదు. మార్చిలో హనుమకొండలోనే ఒక రిపేర్ షాపుకు తీసుకెళ్లాను. "అన్నా, కంపెనీది అయితే ఐదు వేలు దాటుతది, వారం తిప్పుతరు. ఇది సేమ్ క్వాలిటీ, 2,800. ఏం ఫికర్ చేయకు" అన్నాడు. ల్యాప్‌టాప్ అక్కడే పెట్టి సాయంత్రం రమ్మన్నాడు. పెట్టి వచ్చేశాను. కొత్త బ్యాటరీ కళ్లతో చూడలేదు, పాతది తిరిగి అడగలేదు. బిల్లు అడిగితే తెల్ల చీటీ మీద "బ్యాటరీ, 6 నెలలు" అని రాసిచ్చాడు. దాని మీద షాపు పేరు లేదు, జీఎస్టీ నంబరు లేదు.

నెల రోజులు బాగానే నడిచింది. ఏప్రిల్‌లో 38 శాతం చూపిస్తూనే టక్కున ఆరిపోవడం మొదలైంది. ఫోన్ చేస్తే "విండోస్ ప్రాబ్లం, ఫార్మాట్ కొడదాం" అన్నాడు. మేము నమ్మాం. మే నెల ఎండల్లో ఒక రోజు చెల్లె "టచ్‌ప్యాడ్ వారం రోజుల సంది క్లిక్ అయితలేదన్నా" అంది. చూస్తే టచ్‌ప్యాడ్ ఒక పక్క పైకి లేచి ఉంది, సందులో గోరు దూరుతోంది. మూత వేసి బల్ల మీద పెడితే నాలుగు మూలలూ ఆనడం లేదు. ఒక మూల వేలితో తాకితే ఊగుతోంది.

వెంటనే చార్జర్ తీసేసి, ఆఫ్ చేసి, కాజీపేటలో తెలిసిన టెక్నీషియన్ దగ్గరికి పట్టుకెళ్లాం. అడుగు మూత విప్పేసరికి మూడు సెల్‌లలో రెండు బూరెల్లా పొంగి ఉన్నాయి. స్టిక్కర్ ఒక మూల లేచింది. దాని కింద ఇంకో పాత స్టిక్కర్, దాని మీద 2019 అని తయారీ తేదీ. పాత బ్యాటరీకే కొత్త స్టిక్కర్ వేసి మాకు అంటగట్టారు.

పై స్టిక్కర్ మీద 11.4 వోల్టులు, 5,200 ఎంఏహెచ్ అని ఉంది. అసలు బ్యాటరీ 11.4 వోల్టులు, 3,600 ఎంఏహెచ్. వెయ్యి ఎంఏహెచ్ అంటే ఒక ఆంపియర్ అవర్. వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే వాట్ అవర్లు, అంటే బ్యాటరీలో పట్టే మొత్తం కరెంటు లెక్క వస్తుంది. అసలుది 41 వాట్ అవర్లు, ఇది 59 అన్నమాట. అంతే పొడవు, అంతే మందం ఉన్న దాంట్లో ఒకటిన్నర రెట్లు చార్జ్ ఎక్కడి నుంచి వస్తుంది? అదే సైజులో మరీ పెద్ద అంకె కనబడితే సంతోషపడకండి, అక్కడే అనుమానించండి.

విండోస్‌లో బ్యాటరీ రిపోర్ట్ ఉంటుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని ఇంగ్లీషులో కొడితే ఒక ఫైలు వస్తుంది. డిజైన్ కెపాసిటీ ఎంత, ఇప్పుడు ఫుల్ చార్జ్‌లో ఎంత పడుతోంది అని అందులో చూపిస్తుంది. మాది తీసి చూస్తే రెండు నెలలు వాడినా రెండు అంకెలూ ఒక్క యూనిట్ తేడా లేకుండా సమానం. ఆ అంకెలు చెప్పేది బ్యాటరీ లోపలి చిప్పే కాబట్టి, చిప్‌లో ఏది రాసి పెడితే అదే కనబడుతుంది. అందుకే రిపోర్ట్ ఒక్కటే చూసి ఊరుకోవద్దు. షాపులోనే ఫుల్ చార్జ్ చేయించి, చార్జర్ తీసేసి ఇరవై నిమిషాలు వీడియో నడపండి. శాతం ఒక్కొక్కటిగా దిగాలి, పది పది దూకకూడదు.

కొనేటప్పుడు ల్యాప్‌టాప్ మోడల్ పేరు మాత్రమే చెప్తే సరిపోదు. ఒకే మోడల్‌కు వేర్వేరు బ్యాటరీలు వస్తాయి. పాత బ్యాటరీ మీద ఉన్న పార్ట్ నంబరు ఫొటో తీసుకొని, అదే నంబరు అడగండి. మన దేశంలో అమ్మే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద బీఐఎస్ (నాణ్యతా ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ) గుర్తు, ఐఎస్ 16046 అనే ప్రమాణం అంకె, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీ పేరు మీద ఉందో తెలుస్తుంది. మీ ముందే విప్పమనండి, మీ ముందే బిగించమనండి. "లోపలికి కస్టమర్లు రావద్దు" అంటే ల్యాప్‌టాప్ తీసుకొని వచ్చేయండి.

షాపుకు వెళ్లి చూపిస్తే "ఉబ్బితే వారంటీ రాదన్నా, మీరు రాత్రంతా చార్జింగ్ పెట్టిన్రు" అన్నాడు. చీటీ మీద పేరు లేకపోయినా నేను యూపీఐలో కట్టాను, ఆ స్క్రీన్‌షాట్ ఉంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. వాళ్లతో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. నగదు ఇచ్చి ఉంటే నా చేతిలో ఈ ఆధారం కూడా ఉండేది కాదు.

కొత్త బ్యాటరీ కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనే ఆర్డర్ పెట్టాం. 5,400 అయింది, ఎనిమిది రోజులకు వచ్చింది. ఆ ఎనిమిది రోజులు చెల్లె స్నేహితురాలి ల్యాప్‌టాప్ మీద ప్రాజెక్టు చేసుకుంది.

ఉబ్బిన దాన్ని ఎవరూ చేత్తో నొక్కి సరిచేద్దామని చూడకండి, సూదితో గాలి తీయకండి. లోపల ఉన్నది మండే రసాయనం, చిల్లు పడితే మంట లేస్తుంది. పొద్దున వచ్చే చెత్త ఆటోలో కూడా వేయవద్దు, చెత్త ఎత్తే మనుషుల చేతుల్లో అది నలుగుతుంది. మాది డాబా మీద నీడలో ఇసుక పోసిన ఇనుప డబ్బాలో పెట్టాం, ఈ-వేస్ట్ తీసుకునే వాళ్లకు ఇవ్వాలి.

ఈ రెండు మూడు నెలల్లో తక్కువ ధరకు బ్యాటరీ వేయించుకున్న వాళ్లుంటే దయచేసి ఈ రాత్రే ల్యాప్‌టాప్‌ను చదునైన బల్ల మీద పెట్టి చూడండి. ఊగినా, టచ్‌ప్యాడ్ గట్టిపడినా చార్జింగ్ పెట్టకుండా విప్పించండి.