నాన్‌టర్బో 300జెడ్ఎక్స్‌కి టర్బో క్లచ్: ఆరేళ్లు తొక్కాక

నాది 1991 నిస్సాన్ 300జెడ్ఎక్స్. నాన్‌టర్బో, ఐదు గేర్ల మాన్యువల్. ఉండేది డాలస్‌లో. ఆరేళ్ల కిందట క్లచ్ ప్లేటు రివెట్ల దాకా అరిగిపోతే, ఎలాగూ గేర్‌బాక్స్ దించుతున్నాం కదా అని ట్విన్ టర్బో మోడల్ క్లచ్ వేయించాను. అప్పటినుంచి 41 వేల మైళ్లు తిరిగింది. ఈ మార్పు చేయాలనుకునేవాళ్లు డబ్బు పెట్టేముందు ఇది చదవాలని నా కోరిక.

రెండు కార్లలోనూ అదే మూడు లీటర్ల వీ6. నాన్‌టర్బో 222 హార్స్‌పవర్, టర్బో 300. క్లచ్‌కి అసలు పరీక్ష టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం. నాది 198 పౌండ్-ఫీట్, టర్బోది 283. అందుకే కంపెనీ నాన్‌టర్బోకి 240 మిల్లీమీటర్ల వ్యాసమున్న ప్లేటు, టర్బోకి 250 ఇచ్చింది. పది మిల్లీమీటర్లే కదా, ప్లేటూ ప్రెషర్ ప్లేటూ మారిస్తే సరిపోతుందనుకోవద్దు. క్లచ్ ప్లేటుని నొక్కిపట్టే ఆ ప్రెషర్ ప్లేటు బిగించేది ఫ్లైవీల్‌కి, అంటే ఇంజిన్ చివర తిరిగే బరువైన చక్రానికి. టర్బో క్లచ్ కావాలంటే టర్బో ఫ్లైవీల్ కూడా కొనాల్సిందే. నేను మూడూ కలిపి సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని, ఫ్లైవీల్‌ని లేత్ మీద కొత్తగా తీయించాను. నీలంగా కమిలిన మచ్చలు పోయి ముఖం మెరిసిపోయింది.

దెబ్బ తిన్నది చిన్న వస్తువు దగ్గర. పెడల్ తొక్కితే ప్రెషర్ ప్లేటుని నెట్టి క్లచ్‌ని విడదీసే రిలీజ్ బేరింగ్ కూర్చునే కాలర్‌ని అమ్మినాయన అదే పెట్టెలో పెట్టి పంపాడు. నేనూ చూడకుండా వేయించేశాను. మొదటిరోజే రివర్స్ వేస్తే కర్రుమని గేరు అరిచింది. పెడల్ నేలకి ఆనించినా క్లచ్ పూర్తిగా విడవట్లేదు. క్లచ్ ఆయిల్ పైపులోంచి రెండుసార్లు ఎయిర్ తీయించాను, మార్పు లేదు. మళ్లీ ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పి గేర్‌బాక్స్ దించాం. ఆ కాలర్‌నీ, సరైన టర్బో కాలర్‌నీ బల్లమీద పక్కపక్కన నిలబెడితే ఎత్తులో తేడా కంటికే తెలిసిపోయింది. పొట్టిదైతే క్లచ్ విడవదు, పొడుగైతే పూర్తిగా పట్టదు. కాలర్ ఎప్పుడూ ప్రెషర్ ప్లేటుకి జత, గేర్‌బాక్స్‌కి కాదు. ఆ ఒక్క ముక్క ముందే తెలిసుంటే నాకు రెండో లేబర్ ఖర్చు తప్పేది.

ఆ తర్వాత ఏ పేచీ లేదు. ఒక్కసారి కూడా స్లిప్ అవలేదు. ఆగస్టు ఎండలో సెంట్రల్ ఎక్స్‌ప్రెస్‌వే మీద గంటసేపు నత్తనడక నడిచినా కాలిన వాసన రాలేదు. కాకపోతే పెడల్ బరువెక్కింది. ఆ ట్రాఫిక్ దాటి ఇల్లు చేరేసరికి ఎడమ మోకాలు చెబుతుంది. క్లచ్ పట్టే చోటు కూడా ఇరుకు. మొదటి నెల పార్కింగ్‌లో బండి కాస్త కుదుపుతో కదిలేది, తర్వాత కాలికి అలవాటైంది. స్పీడ్ మాత్రం ఇసుమంతైనా పెరగలేదు. పెరగదు కూడా. క్లచ్ ఇంజిన్ ఇచ్చిన టార్క్‌ని చేరవేస్తుందే తప్ప కొత్తగా పుట్టించదు.

దీన్ని తిరగేసి చేసిన తమ్ముడొకడు హ్యూస్టన్‌లో ఉన్నాడు. టర్బో కారుకి, చవగ్గా దొరికిందని నాన్‌టర్బో ఫ్లైవీల్, క్లచ్ మొత్తం సెట్ వేయించాడు. నెమ్మదిగా తోలినన్నాళ్లూ బాగానే ఉంది. ఓరోజు ఫోన్ చేశాడు. "అన్నా, ఫోర్త్‌లో యాక్సిలరేటర్ తొక్కితే ఆర్పీఎం ఎక్కుతోంది గానీ బండి లాగట్లేదు!" వెంటనే కాలు తియ్యి, ఇక బూస్ట్ మీద, అంటే టర్బో పనిచేసేంత గట్టిగా తోలకు అన్నాను. ప్లేటు విప్పి ఫొటో పంపితే దాని మీది రాపిడి పొర (ఫేసింగ్) గాజులా నున్నగా, నల్లగా మాడి ఉంది. పై గేర్లలో టర్బో పూర్తిగా ఒత్తినప్పుడే చిన్న క్లచ్ చేతులెత్తేస్తుంది. ఇంటి చుట్టుపక్కల తిప్పి చూసి బాగుందనుకుంటే మోసపోతాం. టర్బోకి చిన్న క్లచ్ వేయొద్దని ఎవరడిగినా ఖండితంగా చెబుతాను.

పెద్దది నాన్‌టర్బోలో వేయొచ్చా అంటే, ముందుముందు టర్బో ఇంజిన్ వేయించే ఆలోచన ఉంటే నిశ్చింతగా వేయండి, సెట్ మొత్తం, కాలర్‌తో సహా. నాకు ఆ ఆలోచన లేదు. పాత ఫ్లైవీల్‌కి నూనె రాసి గుడ్డలో చుట్టి గరాజ్‌లో దాచాను. ఈ ప్లేటు అరిగిన రోజున మళ్లీ 240కే వెళ్తాను.