ఖనిలో ప్రాణం నిలిపింది, బందరులో ఉడకబెట్టింది: మా 60 లీటర్ల కూలర్ సంగతి

నాలుగేళ్ళ కిందట 11,500 పెట్టి కొన్న డెజర్ట్ కూలర్ ఇది. కంపెనీ పేరు రాయను, తప్పు కంపెనీది కాదు. ఎండ ఎక్కడైనా ఎండే కదా అనుకుని ఒకే మిషన్ని రెండు ఊళ్ళు తిప్పాం చూడండి, తప్పు మాది.

మేముండేది గోదావరిఖని. మా ఆయన ఓపెన్‌కాస్ట్ బొగ్గుగనిలో డంపర్ నడుపుతారు. మే నెలలో ఫస్ట్ షిఫ్ట్ దిగి ఇంటికొచ్చేసరికి చొక్కా వీపు మీద ఉప్పు తెల్లగా చారలు కట్టి ఉంటుంది. 2015 మేలో వడగాడ్పులకి రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 2,000 మందికి పైగా పోయారు. అప్పుడు మా ఇంట్లో ఉన్నది సీలింగ్ ఫ్యాను ఒక్కటే. 40 డిగ్రీలు దాటాక ఫ్యాను వేడిగాలినే తెచ్చి మీద పోస్తుందని ఆ నెలలో బాగా తెలిసొచ్చింది. కూలర్ వచ్చాక ఆ బాధ తప్పింది. ఒక మధ్యాహ్నం థర్మామీటరు పెట్టి చూశాను: బయట 44, కూలర్ మూతి దగ్గర 29! ఎదురు కిటికీ మాత్రం బార్లా తీసి ఉంచాలి.

నిరుడు కొత్తది కొనుక్కుని, దీన్ని బందరులో అత్తయ్యగారికి ఇద్దామనుకున్నాం. వ్యాన్‌లో వేసుకుని వెళ్ళి, మంచం పక్కనే పెట్టి, నీళ్ళు నింపి స్విచ్ వేశాం. అక్కడ ఎండ 36 మాత్రమే. ఇంకేం, చలేస్తుందిలే అనుకున్నా. అరగంటకి అత్తయ్యగారు, "ఏంటే అమ్మాయ్, తడిగుడ్డ కప్పినట్టుంది ఈ గాలి" అన్నారు. దిండు గలీబు చెమ్మగిల్లింది, అప్పడాలు మెత్తబడ్డాయి. గాలి చూస్తే 32 కంటే దిగలేదు.

మూడోనాడు మధ్యాహ్నం ఆవిడకి కళ్ళు తిరిగాయి. జాకెట్టు పిండితే కారేంత చెమట, జ్వరం చూస్తే 101. డాక్టరుగారు సెలైన్ పెట్టించి, "చెమట పడితే చాలదమ్మా, ఆరాలి. ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. ఈ సముద్రపు గాలిలో అది ఆరదు, మీరేమో గదిలో ఇంకా నీళ్ళావిరి నింపారు" అన్నారు. బీపీకి ఆవిడ వేసుకునే బిళ్ళల్లో ఒకటి ఒంట్లో నీరు తీసేదట, వేసవిలో దాని మోతాదు సంగతి అడగాలన్నారు. ఆ మాట అంతకుముందు మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

కూలర్ పనిచేసేదీ అచ్చం చెమటలాగే. ప్యాడ్ల మీద నీళ్ళు ఆరుతూ వేడిని లాక్కుంటాయి. ఖని గాలి పొడిది, ఎంత పోసినా తాగేస్తుంది. బందరు గాలి ముందే తాగేసి ఉంది. గాలి 1 డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టగలదట. సముద్రమూ వేడెక్కుతోందంటున్నారు, ఇక కోస్తాలో ఉక్కపోత తగ్గేదెప్పుడు? అందుకే కొనేముందు ఫోన్లో ఎండ ఎంతో చూసి ఊరుకోకండి, కింద తేమ శాతం కూడా చూడండి. 60 దాటితే ఈ డబ్బు దాచుకోండి. ఏసీ గదిలో తేమని పిండేస్తుంది, కూలర్ పోస్తుంది.

ఇంకో సంగతి. ఖనిలో జూన్ చివర నాలుగు వానలు పడగానే కూలర్ ఆపేసి, ట్యాంకు అలాగే వదిలేశాం. పది రోజులకి మూత తీస్తే అడుగున సన్నటి పురుగులు గిలగిలా కొట్టుకుంటున్నాయి. డెంగీ తెచ్చే చారల దోమకి ఇలాంటి నిలవ నీళ్ళంటే పండగ. ఒట్టినే పారబోస్తే సరిపోదు, గుడ్లు ట్యాంకు గోడకి అంటుకుని నెలల తరబడి ఎండినా బతుకుతాయి. వారానికోసారి పీచుతో రుద్ది కడగాలి. చేయి పట్టేంత సందు కూడా పెట్టలేదు, దీనికి మాత్రం కంపెనీని తిట్టుకున్నా.

పంపు ఇంతవరకు మొరాయించలేదు. బందరు ఉప్పునీళ్ళకి తేనెపట్టు ప్యాడ్లు పది రోజుల్లోనే సున్నం కొట్టినట్టయ్యాయి, వెనిగర్ నీళ్ళలో నానబెడితే సగం వదిలింది.

మార్కులంటారా, ఖనిలో 5కి 4, బందరులో 1. కూలర్ మళ్ళీ మా ఇంటికే వచ్చేసింది. అత్తయ్యగారికి చిన్న ఏసీ పెట్టించాం, బిల్లుకి భయపడి రాత్రి పదింటికల్లా ఆపేస్తున్నారని పక్కింటివాళ్ళు ఫోన్ చేసి చెప్పారు.